సగం దూరం బాబాయ్

జంట పరుగుకు ఇద్దరు కావాలి. ఒకడు పరిగెత్తేవాడు, రెండోవాడు బాబాయ్.

తెనాలి కాలవగట్ల మీద పొద్దున్నే నడిచేవాళ్లలో ఈ బాబాయ్ ఒకడు తప్పకుండా ఉంటాడు. తెల్ల బనీను, మెడలో ఈల, కాళ్లకు కొడుకు అమెరికా నుంచి పంపిన బూట్లు. మొత్తం దూరం పరిగెత్తమంటే మోకాలు చూపిస్తాడు. సగమే అంటే మాత్రం అందరికంటే ముందు పేరిచ్చేస్తాడు. మిగతా సగానికి ఎవణ్ణి పట్టుకోవాలో ఆయనకు తెలుసు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివే కుర్రాడెవడో ఒకడు దొరుకుతాడు. దొరికిన క్షణం నుంచి వాడు అల్లుడు.

“చూడల్లుడూ, మన తణుకమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024లో పారిస్ ఒలింపిక్స్ రిలేలో పరిగెత్తింది. మనదీ పారిసే కదా, ఆంధ్రా పారిస్!” అంటాడు. ఇద్దరే మార్చి మార్చి పరిగెత్తే పందేన్ని జర్మన్లు పార్‌లౌఫ్ అంటారని కూడా చెబుతాడు. జర్మనీ దాకా వెళ్లాక కుర్రాడికి కాదనే దారి ఉండదు.

పంపకాలు ఆయనే చేస్తాడు. బాపట్ల నుంచి సూర్యలంక సముద్రం 9 కిలోమీటర్లు. “దూరం కాదురా, కష్టం సమానంగా పంచుకోవాలి” అని తారు రోడ్డు తను తీసుకుని ఇసుక అల్లుడికి వదిలేస్తాడు. ఇసుక కుర్రాళ్ల పిక్కలకు మంచిదట.

రిలే కర్ర 28 నుంచి 30 సెంటీమీటర్లుండాలి, 50 గ్రాములకు తగ్గకూడదు. ఈ నిబంధన బాబాయ్‌కి కంఠతా వచ్చు. దర్జీ టేపుతో కొలిచి మరీ చెరుకుగడ ముక్క కోయిస్తాడు. అల్లుడి చేతికి చేరేసరికి అది జానెడు కూడా ఉండదు, ఒక కొసన పిప్పి వేలాడుతుంటుంది. “దాహమేసిందిరా” అంటాడు, నిబంధనల్లో దాహం సంగతి రాయనందుకు నొచ్చుకుంటూ.

ఒలింపిక్స్ 4×100 మీటర్ల రిలేలో కర్ర అందించడానికి 30 మీటర్ల హద్దుంటుంది. బాబాయ్ హద్దు మాత్రం చూపు ఆనినంత. దూరాన అల్లుడి చొక్కా రంగు కనపడగానే చెయ్యి చాచి “అందుకో, అందుకో” అని అరుస్తాడు. వాడు తన చోటు వదిలి ఎదురొచ్చి, అందుకుని, మళ్లీ వెనక్కి తిరిగి మొదలుపెట్టాలి. సగం అనుకుని ఒప్పుకున్న పరుగు ముప్పాతిక అవుతుంది.

రేపల్లె వైపు పందెమైతే ఆయనకు ఇంకా సుఖం. తెనాలి నుంచి రేపల్లెకు వెళ్లే రైలుది ఒంటి లైను, అక్కడక్కడా రోడ్డుకు అడ్డంగా గేట్లు. గేటు పడకముందే ఆగి ఎదురుచూసే పరుగువీరుణ్ణి నేను బాబాయ్‌లోనే చూశాను. గేటు మనిషి పక్కన కూర్చుని, పూర్వం ఒంటి లైన్ల మీద టోకెన్ చేతికందందే డ్రైవరు బండి కదిపేవాడు కాదని తీరిగ్గా చెబుతాడు. ఆ లెక్కన చూస్తే అవతల అల్లుడు కదలకపోవడం కూడా పద్ధతేగా!

గెలిస్తే “నేనిచ్చిన ఊపు”. ఓడితే “వీడికి స్టామినా లేదయ్యా, హాస్టల్ తిండి”. ఒంటరి పరుగులో ఈ సౌకర్యం ఎక్కడిది? అయినా ఆయన లేకపోతే పందెమే ఉండదనేది నా అనుమానం. చందాలు, మజ్జిగ ప్యాకెట్లు, మైకు, ఎస్సైగారి దగ్గరకెళ్లి రావడం, ఇవన్నీ చూసేది ఆయనే. వాటికి మోకాలు అడ్డు రాదు.

సంక్రాంతి రోజుల్లో ఎడ్ల బండలాగుడు జరిగేచోట కూడా ముందు వరసలో కూర్చుంటాడు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ ఎద్దుల వయసు చూసి విభాగాలు కట్టడం ఆయనకు నచ్చదు. రేపు జంట పరుగుకు కూడా ఎవడైనా నోరు తెరవమంటాడేమోనని భయం. ఓసారి ఒంగోలు జత యజమానిని పిలిచి, “రెండింట్లో ఏది ఎక్కువ లాగుతుందయ్యా?” అని అడిగాడు.

“రెండూ సమానంగా లాగాలి బాబాయ్, లేకపోతే కాడి వంకరపోతుంది.”

బాబాయ్ జతను కిందనుంచి పైదాకా పరీక్షగా చూసి, గొంతు తగ్గించి అన్నాడు: “ఎడమదానికి మోకాలు నొప్పేమో కనుక్కోవయ్యా.”