ఇంతటి సత్వర సేవ ఏ ఆఫీసులో ఉంది?

చనిపోయిన తండ్రి పేరు రేషన్ కార్డులోంచి తీయించడానికి మండలాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాళ్లం. తాత వేసిన గట్టు తగాదాకి మనవడు వాయిదాలకెళ్లే దేశం మనది. అలాంటి మనకి ఓ పొద్దున్నే వాట్సాప్ వీడియో కాల్‌లో ముంబయి క్రైమ్ బ్రాంచి ప్రత్యక్షమవుతుంది. తైవాన్‌కి మీ పేరున వెళ్తున్న పార్శిల్లో మత్తుమందు దొరికిందట. పదింటికి కేసు, పదకొండింటికి వారంటు, భోజనాల వేళకి సుప్రీంకోర్టు! సాయంత్రానికి రిజర్వు బ్యాంకు ముద్రతో రసీదు కూడా. ఇంత చకచకా పనైపోతుంటే, ఇది ప్రభుత్వం కాదని అప్పుడే తెలిసిపోవద్దూ?

తెలియదు. 2024లో వర్ధమాన్ గ్రూపు అధిపతి ఎస్.పి. ఓస్వాల్‌కే తెలియలేదు. మోసగాళ్లు స్కైప్‌లో కోర్టు పెట్టి, అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ పేరు వాడుకుని, 7 కోట్లు రాయించుకున్నారు. నూలు మిల్లులు నడిపిన ఆయనకే అలా జరిగితే రిటైరైన లెక్కల మాస్టారెంత!

మాస్టారు కెమెరా ముందు బుద్ధిగా కూర్చుంటారు. అవతల ఖాకీ చొక్కా, వెనక గోడకి మూడు సింహాలు, పక్కన వాకీటాకీ గరగర. కాల్ కట్ చేయకూడదు, భార్యకి చెప్పకూడదు, ఇది దేశభద్రత. "సార్, బీపీ మాత్ర వేసుకోవచ్చా?" అని మాస్టారు అనుమతి అడుగుతారు. అవతలివాడు దయగలవాడు, ఇస్తాడు.

ఈ తంతు పేరు 'డిజిటల్ అరెస్టు'. అలాంటిది మన చట్టాల్లో ఎక్కడా లేదు. సాక్షాత్తూ ప్రధానమంత్రే 2024 అక్టోబర్ 27న 'మన్ కీ బాత్'లో ఆ మాట చెప్పారు. అయినా జనం వణుకుతూనే ఉన్నారు. ఎందుకు వణకరు? తప్పు చేయకపోయినా స్టేషన్ గడప తొక్కితే ఏమవుతుందో మనకి తెలుసు. మోసగాడు పైసా పెట్టుబడి పెట్టలేదు. ఆ భయాన్ని తరతరాలుగా కూడబెట్టి వాడి చేతిలో పెట్టింది అసలు ఖాకీలే.

బ్యాంకుల సంగతి వేరే చెప్పాలా? మన ముప్పై వేలు మనం తీసుకోబోతే సంతకం కలవలేదంటారు. జీవితకాలపు కష్టార్జితం ముక్కూ మొహం తెలియని ఖాతాలకి గంటలో తరలిపోతుంటే మాత్రం సర్వరు ఎంచక్కా పనిచేస్తుంది. ఆ ఖాతాలు కమీషన్‌కి అద్దెకిచ్చినవి. ఇచ్చినవాడు పక్క వీధి కుర్రాడే కావచ్చు. రేపు పోలీసులు ముందు కొట్టేది వాడి తలుపే.

కాల్ చేసేవాడూ మనవాడే అయ్యుండొచ్చు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లని కంబోడియాకి తరలించి, అక్కడ బంధించి ఇలాంటి మోసాలే చేయించారని 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఆ కుర్రాళ్ల ఇళ్లలో, విదేశీ ఉద్యోగం వచ్చిందని ఊరంతా స్వీట్లు పంచినవీ ఉంటాయి.

ఇక ఈ మోసాల్లో చిల్లర వ్యాపారులు. పెళ్లి శుభలేఖ ఏపీకే ఫైలై, అంటే ఫోన్ యాప్‌గా, వస్తుంది. శుభలేఖని ఇన్‌స్టాల్ చేసుకోమన్నప్పుడైనా వరుడెవరో అడగొద్దూ? డబ్బు వేస్తాను, పిన్ కొట్టమంటాడు ఇంకొకడు. యూపీఐ పిన్ డబ్బు పోవడానికే తప్ప రావడానికి అక్కర్లేదు. బ్యాంకు కస్టమర్ కేర్ నంబర్ కార్డు వెనకే ఉంటుంది. మనం గూగుల్‌లో వెతికి మరీ దొంగకి ఫోన్ చేస్తాం.

డబ్బు పోయాక చేయాల్సింది సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, వెంటనే. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే చేస్తే ఆపే అవకాశం ఉంటుంది. కానీ మాస్టారికి పరువు. వారంపాటు ఎవరికీ చెప్పరు. ఈలోగా ఒక పెద్దమనిషి తనంతట తనే ఫోన్ చేస్తాడు: "సైబర్ రికవరీ విభాగం నుంచండీ, మీ డబ్బు దొరికింది. ప్రాసెసింగ్ ఫీజు కడితే సాయంత్రానికి వేసేస్తాం." మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఖాతా నంబర్ రాసుకుంటున్నారు.