మిషిన్ కొలిచింది సార్!

మా రోజుల్లో కాలేజీ ల్యాబులో లేజరు లేదు. కరీంనగర్ కాలేజీలు 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఉస్మానియా కిందే ఉండేవి. సిలబస్ హైదరాబాద్ నుంచి వచ్చేది, సామాన్లు మాత్రం వచ్చేవి కావు. అయినా కొల్లాయిడ్ల పాఠం ఆగలేదు. మరిగే నీళ్లలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క చుక్కగా వేస్తే ఇటుక రంగు సోల్ తయారయ్యేది. కిటికీలకు నల్లగుడ్డ కట్టి, అట్టకు బెజ్జం పొడిచి, వెనక టార్చిలైటు పెట్టేవాళ్లం. మైలుతుత్తం నీళ్లలో వెలుగు దారి కనబడేది కాదు. పక్క బీకరులోని సోల్‌లో మాత్రం గీత గీసినట్టు మెరిసేది. టిండాల్ 1869లో చూపించింది ఇదే.

ఇంటి దగ్గర ఇంకో పాఠం. వానాకాలం మానేరు నీళ్లు కుండలో పోసి చిల్లగింజ అరగదీసి కలిపితే, తెల్లారేసరికి మట్టి అడుక్కు దిగేది. ఆదిలాబాద్ అడవి పల్లెల పిల్లలకు ఆ గింజే కాదు, చెట్టూ తెలుసు. కణం సైజెంతని అడిగితే చెప్పలేకపోయేవాళ్లం గానీ, ఎందుకు మెరుస్తుందో, ఎందుకు పేరుకుంటుందో చెప్పగలిగేవాళ్లం. 1952లో ఉస్మానియా వైస్ చాన్సలర్ అయిన సూరి భగవంతం రామన్ శిష్యుడు, వెలుగు చెదరడం మీద పుస్తకమే రాసిన మనిషి. అలాంటి వాళ్లున్న చోటు నుంచి వచ్చిన సిలబస్ మాది.

ఇప్పటి ప్రాజెక్టులు చూడండి. వేపాకు, తులసి, తంగేడు, ఏ ఆకు దొరికితే ఆ ఆకు రసంలో సిల్వర్ నైట్రేట్ కలపడం, వెండి నానోకణాలు వచ్చాయనడం. మొన్నొక పిల్లవాడు కణాల సైజు రిపోర్టు పట్టుకొచ్చాడు.

“82 నానోమీటర్లు వచ్చింది సార్.”

“ఎట్ల కొలిచినవ్ బిడ్డా?”

“మిషిన్ కొలిచింది సార్.”

మిషిన్ కణాన్ని చూడనే చూడదు నాయనా! నీటి అణువుల దెబ్బలకు కణాలు ఊరికే కదులుతుంటాయి, చిన్నవి చురుగ్గా, పెద్దవి మెల్లగా. వాటి మీద పడి చెదిరిన లేజరు వెలుగు ఆ కదలికకు తగ్గట్టు మినుకుమంటుంది. మిషిన్ పట్టుకునేది ఆ మినుకును, అదీ మైక్రోసెకన్ల లెక్కన. దాన్నిబట్టి కణాలు ఎంత జోరుగా వ్యాపిస్తున్నాయో తేల్చి, స్టోక్స్, ఐన్‌స్టీన్‌ల పేర్లతో ఉన్న సూత్రంలో పెట్టి వ్యాసం లెక్కగడుతుంది.

ఆ సూత్రంలో ఉష్ణోగ్రత ఉంది, నీటి స్నిగ్ధత ఉంది. 25 డిగ్రీల దగ్గర స్నిగ్ధత 0.89 సెంటీపాయిజ్, 40 దగ్గర 0.65. మే నెల ఎండలో ఆర్టీసీ కార్గోలో కొలతకని హైదరాబాద్ పోయిన సీసాను దించి, చల్లారకముందే బటన్ నొక్కితే? వేడి నీళ్లలో కణం జోరు మీద ఉంటుంది, 25 డిగ్రీలనే లెక్కేసే మిషిన్ దాన్ని ఉన్నదానికన్నా చిన్నదనుకుంటుంది. లేదంటే దారిలోనే కణాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టి ఉంటాయి. అప్పుడు వచ్చిన అంకె ముద్దది.

అసలు తంటా ఇంకోటుంది. ఇంత చిన్న కణాల విషయంలో చెదిరే వెలుగు వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. 100 నానోమీటర్ల కణం ఒక్కటి, 10 నానోమీటర్ల కణాలు పది లక్షలు కలిసి చెదరగొట్టేంత వెలుగు చెదరగొడుతుంది. సీసాలో నాలుగు దుమ్ము రేణువులు పడ్డా బతుకమ్మ పాటల మధ్య డీజే బాక్సు పెట్టినట్టే. అందుకే సన్నటి ఫిల్టరులో వడగట్టాలి. “వడగట్టినవా?” అంటే పిల్లవాడు నా మొహం చూశాడు. పాలీడిస్పర్సిటీ 0.6 అని అదే కాగితం మీద ఉంది. అంటే రకరకాల సైజులు కలగలిసి ఉన్నాయని, సగటును నమ్మొద్దని మిషినే చెబుతోంది. ఎవరూ చదవలేదు.

పైగా ఇది నీళ్లలో, ఆకు రసం పొరతో సహా తిరిగే కణం వ్యాసం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఎండిన లోహపు గుండును చూపిస్తుంది. రెండూ కలవకపోతే కంగారెందుకు, ఒకటి దాచడమెందుకు?

మిషిన్ మంచిదే. మా కాలంలో ఉంటే రాత్రిళ్లు దాని పక్కనే పడుకునేవాణ్ణి. కానీ ఉష్ణోగ్రత, ద్రావకం, ఎంత పలుచన చేశారో, ఎలా వడగట్టారో, ఎన్నిసార్లు కొలిచారో రాయని కాగితం మీద నేనైతే సంతకం పెట్టను. మీరూ పెట్టకండి.