గాలి బాగున్న చోటే గాలి మిషన్

ఊళ్లో గాలి పాడైందని జనం గోల పెడితే సర్కారుకు రెండు దారులు. ఒకటి, పొగ తగ్గించడం. దానికి బస్సులు కొనాలి, రోడ్లు ఊడ్పించాలి, ఫ్యాక్టరీ యజమానులతో తగువు పెట్టుకోవాలి. రెండోది, గాలిని కొలిచే మిషన్‌ను మంచి చోట పెట్టడం. దీనికి ఒక కమిటీ, రెండు ప్లేట్ల జీడిపప్పు చాలు.

పుస్తకంలో రూల్స్ పక్కాగానే ఉన్నాయి. గాలి పీల్చే గొట్టం నేలకు 3 నుంచి 10 మీటర్ల ఎత్తులో ఉండాలని, చెట్లకు 20 మీటర్లు ఎడంగా ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2003లోనే రాసిపెట్టింది. జనం ఎక్కడ ఎక్కువ, గాలి ఎటు వీస్తుంది, పొగ ఎక్కడిది, అన్నీ చూడమంది. కమిటీ జీపెక్కాక కథ వేరు.

‘‘ఈ సెంటర్ బాగుంది సార్. లారీలు, ఆటోలు, మిర్చి బండి, అన్నీ ఉన్నాయి.’’

‘‘కరెంటు ఎవడిస్తాడయ్యా? కాపలా ఎవడు? తెల్లారేసరికి తీగలు కోసుకుపోతారు.’’

‘‘పోనీ, డంపింగ్ యార్డు పక్క బస్తీలో?’’

‘‘అక్కడ గాలి ఎలా ఉంటుందో ముక్కున్న ప్రతివాడికీ తెలుసు. తెలిసినదానికి మళ్లీ ఖర్చెందుకు?’’

చివరికి ప్రహరీ, వాచ్‌మన్, వేపచెట్లు ఉన్న ఒక ఆఫీసు ఆవరణ దొరికింది. అందరికీ నచ్చింది.

‘‘చెట్లు 20 మీటర్ల దూరంలో ఉండాలి సార్.’’

‘‘అయితే రెండు కొట్టించండి. గాలి కోసమేగా!’’

హైదరాబాద్‌లో గాలిని కొలిచే కేంద్రాల జాబితాలో పాశమైలారం, బొల్లారం, సనత్‌నగర్ లేకపోలేదు. వాటి సరసనే సెంట్రల్ యూనివర్సిటీ, జూపార్కు, ఇక్రిశాట్ ఉన్నాయి. పోల్చి చూడ్డానికి మంచి గాలి ఉన్న చోటూ కావాలి, తప్పు లేదు. తిరకాసంతా సగటులో ఉంది. పారిశ్రామికవాడ పొగనూ క్యాంపస్ చెట్ల గాలినీ కలిపి భాగిస్తే నగరానికంతటికీ ఒకే అంకె వస్తుంది. ఆ సగటు గాలి పీల్చే మనిషి మాత్రం నగరంలో ఎక్కడ వెతికినా దొరకడు.

ఆ అంకె వెనక డబ్బులూ ఉన్నాయి. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైంది. ఆ తర్వాత 15వ ఆర్థిక సంఘం హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి పది లక్షల జనాభా దాటిన నగరాలకు ఇచ్చే నిధుల్లో కొంత భాగాన్ని గాలి మెరుగుదలకు ముడిపెట్టింది. రీడింగ్ తగ్గాలి, నిధులు రావాలి. ఇక పొగను బదిలీ చేయడం తేలికా, మిషన్‌నా? బదిలీల్లో మన యంత్రాంగానికున్న అనుభవం చిన్నదా?

చైనాలోని షియాన్ నగరంలో అధికారులకు మంచి చోటు వెతికే ఓపిక లేకపోయింది. 2016లో కొలిచే మిషన్ గొట్టంలోనే నూలు పీచు కుక్కారు. రీడింగ్ దిగింది, వాళ్లు దొరికిపోయారు, మరుసటి ఏడు కోర్టు జైలుశిక్ష వేసింది. మిషన్‌ను ముట్టుకోవడమే వాళ్లు చేసిన తెలివితక్కువ పని. నూలు కుక్కితే కేసవుతుంది. అదే మిషన్‌ను స్వచ్ఛమైన ప్రహరీ చాటున పెడితే, నాలుగు సంతకాలతో ఫైలవుతుంది.