ఫ్యూజు బాబాయి

మా గోదావరి వైపు పాత ఇళ్ళున్న ప్రతి వీధిలోనూ ఒక ఫ్యూజు బాబాయి ఉంటాడు. ఏ ఉద్యోగం చేసి రిటైరయ్యాడన్నది ముఖ్యం కాదు. తాలూకాఫీసు గుమాస్తా కావచ్చు, లెక్కల మాస్టారు కావచ్చు. కరెంటాఫీసులో మాత్రం చేసి ఉండడు. అక్కడ చేసినవాళ్ళకి కరెంటంటే భయం ఉంటుంది. బాబాయికి లేదు. చొక్కా జేబులో కళ్ళజోడు పక్కన టెస్టరు ఉంటుంది. పెళ్ళికి పట్టుచొక్కా వేసుకున్నా ఉంటుంది.

ఇంట్లో దీపాలు పోతే అందరూ విసనకర్రలు వెతుక్కుంటారు. మా బాబాయి మాత్రం గుమ్మంలోకి వచ్చి ఎదురింటి వైపు చూస్తాడు. అక్కడా చీకటిగా ఉంటే ఉసూరుమంటాడు. అక్కడ లైటు వెలుగుతుంటే, అమ్మయ్య, పోయింది మన ఫ్యూజే! వెంటనే స్టూలు, టార్చి, నల్లటేపు బయటికొస్తాయి. మెయిన్ ఆపడం ఉండదు. "ఒరే, టార్చి ఇలా కొట్టరా. నా మొహం మీద కాదు, బోర్డు మీద."

పింగాణీ ఫ్యూజు లాగి, మాడిన తీగముక్కని వెలుగులో పెట్టి, జాలిగా చూస్తాడు. అసలైన ఫ్యూజు తీగ కొట్లో దొరుకుతుంది, ఎన్ని ఆంపియర్లదో రాసి మరీ అమ్ముతారు. బాబాయి దృష్టిలో అది అర్భకుల సరుకు. పాత ఇస్త్రీపెట్టె వైరు ఒలిచి, రాగి పోగులు మూడు పాయలుగా అల్లి, బిగించి దిగుతాడు. "ఇంక ఈ జన్మకి పోదు."

నిజమే, పోదు. గొడవంతా అదే. ఫ్యూజు ఉన్నది పోవడానికే. వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగితే ముందు తాను కరిగి, లైను తెంచి, వైరుని కాపాడాలి. దాన్ని పోనివ్వకపోతే ఆ వేడంతా అటక మీద ఎవరూ చూడని వైరుకి పడుతుంది.

ఆ వైరు బాబాయిగారి నాన్నగారి హయాంలో వేయించింది. గోడ వెంట టేకు బద్దీలు, వాటిమీద రబ్బరు తొడుగు వైర్లు, గుండ్రటి నల్ల స్విచ్చులు. నాలుగు బల్బులు, హాల్లో ఒక ఫ్యాను, పెద్దాయన వార్తలు వినే రేడియో, అన్నీ ఒకేసారి వేసినా రెండు ఆంపియర్లు దాటేవి కావు. ఇప్పుడా లైన్ల మీదే ఫ్రిజ్జు, మిక్సీ, వాషింగ్ మెషీను, ఏసీ నడుస్తున్నాయి. పైగా ఒక గీజరు. 2000 వాట్ల గీజరు ఒక్కటే 230 వోల్టుల దగ్గర సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. రబ్బరేమో ఎండిపోయి, వేలు తగిలితే పొడిపొడిగా రాలుతోంది. ఆ సంగతి చెబితే బాబాయి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: "వేలు పెట్టకు మరి."

ఈ ఏర్పాటుతో కాపురం చేస్తున్నది పిన్ని. ఆవిడకి పంచాంగంలో వర్జ్యం ఎప్పుడో తెలియకపోయినా ఏ స్విచ్చు వేసినప్పుడు ఏది వేయకూడదో కంఠతా వచ్చు. గీజరు నడుస్తుంటే మిక్సీ వేయకూడదు. మిక్సీ వేయాలంటే ఏసీ ఆపాలి. మోటారు వేస్తే ఏదీ వేయకూడదు. చట్నీ ఎప్పుడవుతుందన్నది ఎవరి స్నానం ఎప్పుడవుతుందన్న దాని మీద ఆధారపడిన ఇల్లు అది. మొదటిసారి పండక్కొచ్చిన కొత్తల్లుడికి బాబాయి తువ్వాలుతో పాటు సూచనలు కూడా ఇచ్చాడు. "గీజరు ఆపేశాకే కుళాయి తిప్పండి. రబ్బరు చెప్పులు అక్కడే పెట్టాను, విప్పకండి. ఎడంచేతి స్విచ్చు మాత్రం ముట్టుకోవద్దు, కేకేస్తే నేనొచ్చి వేస్తాను." పండగ మూడు రోజులూ అల్లుడుగారు నూతి దగ్గరే చన్నీళ్ళు పోసుకున్నాడు. వినయవంతుడని అందరూ మెచ్చుకున్నారు.

షాకుల్లో బాబాయికి తరగతులున్నాయి. చురుక్కుమంటే లీకేజీ. జిల్లుమంటే ఎర్తు వీకు. విదిలించి కొడితేనే షాకు, మిగతావి లెక్కలోకి రావు. "గ్రైండరు జిల్లుమంటోందండీ" అని పిన్ని అంటే, "నేల తడిగా ఉండుంటుంది, పీట మీద నుంచో" అంటాడు. మనిషి గుండె లయ తప్పడానికి 100 మిల్లీ ఆంపియర్లు చాలు. 5 ఆంపియర్ల ఫ్యూజంటే 5000 మిల్లీ ఆంపియర్లు. అంటే అసలైన తీగ వేసినా, మనిషిని కరెంటు పట్టుకున్నప్పుడు ఫ్యూజుకి ఆ సంగతే తెలియదు. బాబాయి తీగకి సరేసరి.

ఎర్తు మీద ఆయనకి భక్తి లేకపోలేదు. పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసి పాతిన పైపు ఉంది. వేసవిలో రోజూ దానికి రెండు చెంబుల నీళ్ళు పోస్తాడు. ఆ పైపు నుంచి ఇంట్లోకి వచ్చే తీగ ఎప్పుడో సున్నాలు వేసినప్పుడు తెగిపోయింది. అభిషేకం మాత్రం ఆగలేదు.

బాబాయిని వెక్కిరించడం తేలికే కానీ, ఒకటి ఒప్పుకోవాలి. ఫ్యూజు పోతే లైన్‌మన్ కోసం సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళి, ఆయన లేడంటే రాత్రంతా చీకట్లో కూర్చున్న తరం అది. చేత టెస్టరు పట్టకపోతే గడిచేది కాదు. కాకపోతే అప్పుడు ఇంట్లో ఉన్నవి నాలుగు బల్బులు.

చివరికి కదిలించింది కోడలు. "పిల్లాడు పాకుతున్నాడు మావయ్యగారూ, ప్లగ్గుల్లో వేళ్ళు పెడుతున్నాడు" అని ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ణి పిలిపించి ఆర్‌సీసీబీ పెట్టించింది. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని చూడడమే దాని పని. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చేలోపే, రెప్పపాటులో లైను తెంచేస్తుంది. కుర్రాడు మీట ఎత్తాడు, టప్పున పడింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పడింది.

"చూశావా?" అన్నాడు బాబాయి ఆనందంగా. "కొత్త సరుకు నిలబడదు."

"సరుకు బానే ఉందండి, బాబాయిగారూ. మీ కరెంటే గోడలోకి పోతోందండి, ఆయ్."

లైన్లు ఒక్కొక్కటీ విడదీసి చూస్తే లీకేజీ ఒకటి వంటింటి తడిగోడలో దొరికింది, ఇంకొకటి గీజరులో. కుర్రాడు ఆ రెండూ విప్పేసి, మర్నాడొస్తానని వెళ్ళాడు. గీజరు లేకుండా తెల్లారడం ఇష్టంలేక బాబాయి రాత్రి స్టూలెక్కాడు. పొద్దున్నే కోడలు ఆర్‌సీసీబీ మీద టెస్టు బటన్ నొక్కింది. మీట పడింది. లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి! పక్క నుంచి రెండు చిన్న వైరుముక్కలతో దాన్ని దాటించేశాడు మహానుభావుడు.

కోడలు కేకలేయలేదు. వైరింగు మార్చేదాకా పిల్లాడు అమ్మమ్మగారింట్లో ఉంటాడని చెప్పి, సాయంత్రం బస్సెక్కింది.

బాబాయి నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. అయిదో రోజు కుర్రాడికి కబురెళ్ళింది. గోడలు చెక్కితే పెచ్చులూడతాయన్న పాత అభ్యంతరం పనిచేయలేదు. చెక్కక్కర్లేదు, గోడమీదే పీవీసీ కేసింగులో వేసేస్తానన్నాడు వాడు. లైట్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ప్లగ్గులకి 2.5, ఏసీకీ గీజరుకీ వేర్వేరుగా 4. ప్రతి ప్లగ్గుకీ ఆకుపచ్చ ఎర్తు తీగ లాగి, పెరట్లో కొత్త ఎర్తుకి కలిపాడు. వైర్ల కాపలాకి ఎంసీబీలు, మనుషుల కాపలాకి ఆర్‌సీసీబీ వచ్చాయి. పిల్లాడు తిరిగొచ్చాడు. పిన్ని గీజరు నడుస్తుండగా మిక్సీ వేసి, అలవాటు కొద్దీ ఒకసారి పైకి చూసింది.

మీ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద చిన్న టెస్టు బటన్ ఉంటుంది, ఇవాళే ఒకసారి నొక్కి చూడండి. మీట పడి, దాని కిందున్న లైన్లన్నీ ఆగిపోతే సంతోషించండి. ఆగకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, బాబాయిని కాదు.