కూరప్రియుని దేశాటనము

లోకమున భోజనప్రియులు పలువిధములవారు కలరు. పిండివంటకు ప్రాణమిచ్చువాడొకడు, పెరుగు గడ్డకట్టలేదని పెండ్లిపంక్తినుండి అలిగి లేచిపోవువాడొకడు, ఊరగాయజాడీ మూత తీసిన చప్పుడునకే కన్నులరమోడ్చువాడొకడు. కూరప్రియుడు వీరెవ్వరి పంక్తిలోను చేరడు. అన్నమనునది కూరను నోటికి చేర్చుటకై సృష్టింపబడిన వాహనము మాత్రమే యనియు, పప్పుపులుసులు కూర నిండుకొన్న పిదప కలుగు శోకమును మఱపించుటకై పెద్దలేర్పఱచిన ఉపశమనములనియు అతని సిద్ధాంతము. మా కోనసీమలో ఈ సిద్ధాంతమునకు అనుయాయులు మెండు. ఇరుగుపొరుగు గృహస్థులు వీధి అరుగుపై కలిసికొన్నచో వర్షములనుగూర్చియు కొబ్బరిధరనుగూర్చియు ముచ్చటించుకొనుటకు ముందే ఒకరింటి కూరనుగూర్చి ఒకరు విచారించుకొందురు. ఆ వచ్చిన సమాధానమును బట్టి ఎదుటివాని ఆర్థికస్థితిని, దంపతుల సఖ్యమును, దొడ్డిలోని పాదుల ఆరోగ్యమును ఏకకాలమున గ్రహింపగల విజ్ఞులు మా తాటిపాకలో ఇప్పటికిని ఉన్నారు.

వసిష్ఠ, వైనతేయ అను రెండు గోదావరీశాఖల నడుమ ఒదిగియున్న మా రాజోలుసీమలో కూరకు ఒక పంచాంగము కలదు. మాఘఫాల్గుణములలో లేత పనసకాయలు దిగును. వానిని కత్తితో సన్నగా కొట్టి పొట్టుచేయు చప్పుడు పెరటినుండి వినవచ్చినంతనే ఇంటిలో ఆవలు నూఱుట ప్రారంభమగును. ఉగాది నాటికి చింతచిగురు వచ్చి ఎండురొయ్యలతో వియ్యమందును. ఆషాఢశ్రావణములలో గోదావరికి ఎఱ్ఱనీరు తగిలినదో లేదో, సముద్రమున ఇలసగా తిరుగాడుచుండిన సామాన్యమత్స్యము ప్రవాహమునకు ఎదురీది పులస అను బిరుదము సంపాదించి, ధవళేశ్వరము ఆనకట్టకు దిగువనే వలలో చిక్కి, బెండకాయలతో మట్టిదాకలో ఉడికి, ఒక రాత్రి నిలువయుండి, మఱునాటికిగాని విస్తరి నలంకరింపదు. దీపావళి దాటిన పిదప నదీముఖములయందు చీరలతో వడకట్టి పట్టు చీరమీనును గ్లాసులతో కొలిచి అమ్ముదురు. కార్తీకమున కంద, బచ్చలి ఉన్నవి. వానినిగూర్చి తరువాత చెప్పెదను. ఇంటిలో ఇంతటి వైభవముండగా హోటలుకు పోయి కూర తినవలెనను కోరిక నాకేల కలుగవలెనందురా? ఇంటనున్న దేవుని విడిచి తీర్థములకు పోవువారిని మీరెన్నడైనను ఇట్లు ప్రశ్నించితిరా?

సముద్రము దాటు యోగము నాకు లేకపోయినను నా మేనల్లునికి పట్టినది. అతడు లండను చేరిన వెంటనే, అక్కడ మన కూర ఎట్టి పీఠముపై కూర్చున్నదో చూచి తెలుపుమని ఆజ్ఞాపించితిని. అక్కడి చరిత్ర కొంత నేనును ఎఱుగుదును. పాట్నాలో పుట్టి, కుంఫిణీ పటాలముతో తిరిగిన షేక్ దీన్ మహమ్మదు 1810లో లండను నగరమున హిందూస్తానీ కాఫీ హౌసు అను భోజనశాలను తెఱచి, దొరలకు కూరలతోపాటు హుక్కాలను కూడ అందించి, 1812లో దివాలా తీసెను. ఆ పిదప బ్రైటను పోయి ఆవిరిస్నానములతో ఒడలుపట్టు వృత్తి నవలంబించి ఇద్దఱు రాజులకు సేవచేసి ప్రఖ్యాతుడయ్యెను. కూర పెట్టి చెడినవాడు ఒళ్లుపట్టి బాగుపడిన ఈ వృత్తాంతమును మా సెంటరులో కొత్తగా రెస్టారెంటు పెట్టు ప్రతి యువకునికిని నేను వినిపించుచున్నాను. ఒక్కడును వినిపించుకొన్నవాడు లేడు.

మఱి 1926లో రీజెంటు వీధిలో వెలసిన వీరాస్వామి రెస్టారెంటు మిగుల పేరుమోసినది. ఆ పేరు విన్న మా వీధి పెద్దాయన యొకరు, ఆ వీరాస్వామిగారు మలికిపురము వారా, సఖినేటిపల్లి వారా, ఇంటిపేరేమి యని రెండు దినములు ఆరా తీసిరి. స్థాపకుడు ఎడ్వర్డు పామరు అను దొర యనియు, ఒకప్పుడు హైదరాబాదులో నిజాముకు అప్పులిచ్చి ప్రసిద్ధికెక్కిన పామరుల వంశమువాడనియు తెలిసిన పిదప ఆయనకు కలిగిన నిరాశ అంతింత కాదు. 2001లో ఆంగ్లేయుల విదేశాంగమంత్రియైన స్కాట్లండు దొర రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాయే తమ నిజమైన జాతీయవంటకమని సభలో ప్రకటించెను. అదే 2001లో ఓఎన్జీసీ వారు మా తాటిపాకలో ఏటా 66,000 టన్నుల ముడిచమురును శుద్ధిచేయగల చిన్న కర్మాగారమును నెలకొల్పిరి. ఈ రెండు సంఘటనలకును సంబంధమేమియు లేదని చిరకాలము నమ్మితిని గాని, రెస్టారెంటు కూరగిన్నెలపై తేలు నూనెమట్టమును చూచినప్పటినుండి ఆ నమ్మకము కొంత సడలినది.

మేనల్లుడు ఫోనులో చెప్పిన సమాచారము మఱింత విచిత్రము. "మావయ్యా, ఇక్కడ ఇండియన్ రెస్టారెంట్లు నడిపేవాళ్లలో చాలామంది సిల్హెట్ నుంచి వచ్చిన బంగ్లాదేశ్ వాళ్లు. నేను తెలుగువాణ్ణంటే, అయితే మీకు కారం ఎక్కువ వెయ్యాలా అని అడిగారు," అనెను. బంగ్లాదేశీయుడు వండగా, స్కాట్లండు దొర మెచ్చుకొనగా, ఇండియా పేరు మోసిన ఆ కూరలో మన పాలు మిరపకాయ మాత్రమేనా యని చింతించుచు, స్వదేశమునందే అన్వేషణము సాగించుట మేలని తలచి ఢిల్లీకి బయలుదేరితిని.

ఢిల్లీలో కూర న్యాయస్థానమునకెక్కియున్నది. దేశవిభజనానంతరము పెషావరు విడిచివచ్చినవారు దరియాగంజిలో మోతీ మహలును నెలకొల్పిరి. అక్కడ ప్రసిద్ధికెక్కిన బటర్ చికెనుకు ఆద్యులు తమ పూర్వులే యని రెండు రెస్టారెంట్లవారు 2024లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము నడుపుచుండిరి. ఇట్టి వ్యాజ్యము మా సీమలో పుట్టకపోవుట అమలాపురము కోర్టువారి అదృష్టము. కంద బచ్చలి కూరను మొదట వండినదెవ్వరు అను ప్రశ్న లేచినచో ప్రతి యింటి అత్తగారును వాది, ప్రతి కోడలును ప్రతివాది. సాక్ష్యముగా గిన్నెలు దాఖలు కాగా, తీర్పు వెలువడులోపల న్యాయమూర్తిగారికి అజీర్ణము తప్పదు. ఆ నగరమునందు నా ప్రాణమును నిలిపినది అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ క్యాంటీను. అడిగినంత మారువడ్డించు ఆ పళ్లెభోజనమునకై పంజాబీలు, బెంగాలీలు మనకంటె ముందే వచ్చి వరుసలో నిలుచుచుందురు. అక్కడ కూర అడుగుటకు చేయెత్తినవాడు ఏ భాషలో అడిగినను వడ్డించువానికి అర్థమగుచుండుట ప్రభుత్వసంస్థలలో అరుదుగా కనబడు గుణము.

బెంగుళూరును గూర్చి విస్తరింపబోను. అచ్చట ఆంధ్రాస్టైలు అను పలక వేలాడుచున్న ప్రతి భోజనశాలయందును అరటియాకు, పచ్చిమిరపకాయలలో మునిగిన కోడిమాంసము, కన్నీరు, ఆ కన్నీటిని మెచ్చుకొనుచు చుట్టుచేరిన మిత్రబృందము. పులుసులో బెల్లపుముక్క, కూరలో కొబ్బరికోరు వేసికొను కోనసీమవాడు కూడ ఆంధ్రుడే యని వారికి తెలుపబోయి, నాలుక మండిపోవుటచేత మాట పెగలక విరమించుకొంటిని.

హైదరాబాదులో మాత్రము నా జన్మభూమి పేరు మెనూకార్డుపై బంగారు అక్షరములతో దర్శనమిచ్చెను. కోనసీమ కోడివేపుడు, గోదావరి రొయ్యల ఇగురు, రాజుగారి కోడిపులావు. గోడపై కొబ్బరిచెట్లు, పడవ, పడవపై తలపాగా చుట్టుకొన్న జాలరి, వడ్డించువారికి పంచెకట్టు, పైకప్పుకు వెదురుబుట్టలు. తాటిపాకలో ఎన్నడును చూడని కోనసీమను నేను అచ్చట చూచితిని. సంక్రాంతి వెళ్లిన వారమున, గోదావరి నీరు తేటపడి ఎంతో కాలమైన పిదప, ఆ రెస్టారెంటులో తాజా పులస పులుసు లభించునని సర్వరు వినయముతో విన్నవించెను. ఆ చేప గోదావరిలో ఎదురీదినదో, మంచుపెట్టెలో పరుండి రైలులో వచ్చినదో అడుగుట మర్యాద గాదని ఊరకుంటిని. పుస్తెలమ్మియైన పులస తినవలెనని సామెత చెప్పిన పెద్దలు, ఆ అమ్మకమునకు ముందు చేప ఏయూరిదో అడిగి తెలిసికొనుడని హెచ్చరింపకపోవుట ఒక లోపము.

ఆ నగరమునందు నన్ను నిజముగా ఆకర్షించినవి రెస్టారెంటులు గావు, కర్రీపాయింటులు. ఒక చిన్న గది, ముందు ఒక బల్ల, బల్లపై వరుసగా స్టీలు ట్రేలు, వెనుక ఒక దంపతుల జంట. సాయంకాలమైనంతనే కొలువులనుండియు కోచింగులనుండియు వచ్చు యువజనము, ఇంటిలో కుక్కరులో అన్నము మాత్రము పడవేసి వచ్చి, బెండకాయ వేపుడొకటి, దొండకాయ ఇగురొకటి, పప్పొకటి యని పాలితీను సంచులలో మూటకట్టించుకొని పోవుదురు. ఆ సంచికి దారముతో ముడివేయు వేగము, ఆ ముడిని ఇంటికడ పండ్లతో విప్పు అవస్థ వర్ణనాతీతములు. కాని ఆ కూర కూరవలె నుండును. కొన్నిదినములు ఉప్పెక్కువ, కొన్నిదినములు అడుగంటును. ఆలుమగలు కలహించుకొన్న సాయంకాలమున తెఱవనే తెఱవరు. మనుష్యులు వండినట్టు తెలియుచుండును.

ఇంత తిరిగిన పిదప నాకొక విషయము తేటపడినది. మన కూర ఊరికి ఎంత దూరమున్న అంత గౌరవము పొందుచున్నది. దగ్గఱకు వచ్చినకొలది కనుమఱుగగుచున్నది. దీనికి పరమనిదర్శనము మా తాటిపాక సెంటరులోనే, జాతీయరహదారి ప్రక్కనే, చల్లని గాలియంత్రములతోడ, అద్దపుతలుపులతోడ వెలసిన ఒక ఫ్యామిలీ రెస్టారెంటు. నేను లోనికి పోయి కూర్చుండి అడిగితిని.

"కూరలేమున్నాయి బాబూ?"

"పన్నీర్ బటర్ మసాలా, కాజూ పన్నీర్, మష్రూమ్ మసాలా, కడాయి వెజ్, వెజ్ కొల్హాపురీ, మేతీ చమన్… ఆయ్."

ఈ అష్టోత్తరమంతయు విని, అన్నియు వేఱువేఱుగా నుండునా యని వంటయింటి ద్వారముకడ నిలిచి పరిశీలించితిని. అచ్చట నాకు అద్వైతసాక్షాత్కారమయ్యెను. ఉల్లిపాయలు, టమాటాలు, జీడిపప్పు ఉడికించి రుబ్బి ప్రాతఃకాలముననే సిద్ధపఱచిన గ్రేవీ ఒకటి పెద్ద గుండిగలో నిండియున్నది. అదియే పరబ్రహ్మము. అందులోనుండి ఒక గరిటెడు తీసి వెన్నయు మీగడయు చేర్చిన బటర్ మసాలా. కాప్సికం ముక్కలు పడినచో కడాయి. ఎండుమిరప ఘాటు పడినచో కొల్హాపురి. మెంతియాకు పొడి చల్లినచో మేతీ. నామరూపములే భిన్నములు, తత్త్వమొక్కటే. పన్నీరు, పుట్టగొడుగు, కోడి అను జీవులు కొంతసేపు ఆ గ్రేవీలో విహరించి ప్లేటులకు పోవుచున్నవి. గ్రేవీకి వృద్ధియు లేదు, క్షయమును లేదు, మధ్యాహ్నమునకు మఱల నింపుదురు గనుక. లండనులోను ఇట్టి గ్రేవీయే గుండిగలలో మూలకందముగా నుండునని మేనల్లుడు చెప్పినది అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. సిల్హెట్ వాసికిని తాటిపాక వంటమాస్టరుకును ఒకే దర్శనము, ఏ గురువును లేకుండ, సిద్ధించినది.

"కంద బచ్చలి ఉండదా?" అని సర్వరు నడిగితిని.

"వంటమాస్టర్ది ఒరిస్సా అండి. మొన్నోపాలి కంద కొయ్యమంటే చేతులు దురదెట్టి మూడ్రోజులు పనిలోకి రాలేదండి. ఆయ్."

ఈ సంభాషణ విని గల్లాకడనున్న యజమాని చిఱునవ్వుతో వచ్చి ఎదుట కూర్చుండెను. సౌమ్యుడు, ఇంజనీరింగు చదివినవాడు. "మీరు భలేవారండి. ఆదివారం పూట కారేసుకుని పెళ్లాం బిడ్డల్తో వచ్చినోళ్లకి కంద బచ్చలి పెడితే ఊరుకుంటారాండి? ఇంటికాడ దొరికేదానికి ఇంత ఏసీ ఎందుకంటారండి. వాళ్లక్కావలసింది ఇంట్లో దొరకనిదండి," అనెను. దీనికి ఉత్తరము నాకు తోచలేదు. పాలేరునుండి ప్రెసిడెంటు వఱకు ఎవరింటి దొడ్డిలోనైనను కంద దుంప పాతియుండు ఊరిలో, కందను డబ్బిచ్చి కొనుక్కొనుట పరువుతక్కువ. ఏ ఊరినుండియో మంచుపెట్టెలో వచ్చిన పన్నీరును కొనుక్కొనుట నాగరికత. వ్యాపారి న్యాయము అతనిది; కడుపు న్యాయము నాది. గల్ఫునుండి సెలవుపై వచ్చిన కుఱ్ఱవారు ఎడమప్రక్కబల్లపై నలుగురు కలిసి ఒకే పళ్లెములో మందీ తినుచుండిరి. కువైటులో అన్నాళ్లు అదే వండి విసిగినవారు గావచ్చును. ఇచ్చట వడ్డింపించుకొని తినుటయందు వేఱొక సుఖమున్నది కాబోలు.

ఇంతలో యజమానికి ఇంటినుండి క్యారేజీ వచ్చినది. నాలుగుగిన్నెల క్యారేజీ. పై గిన్నె మూత తీసినంతనే ఆవఘాటు గాలియంత్రపు చల్లదనమును చీల్చుకొని నా ముక్కునకు తగిలినది. కంద బచ్చలి! నా ముఖమున ఏ భావము కనబడినదో నేనెఱుగను గాని, అతడు సగము గిన్నె నా ప్లేటులో కుమ్మరించెను. నేను తెప్పించుకొన్న పన్నీరు బటర్ మసాలాను ప్రక్కకు త్రోసి ఆ సగమును, కొసరి మిగిలిన సగములోను సగమును భుజించితిని. వెల పుచ్చుకొనుమని పట్టుపట్టితిని. "ఛ, ఊరుకోండి, మీకాడ డబ్బులేంటండి," అని అతడు, ఋణపడనని నేను, కొంతసేపు వాదించుకొన్న పిదప అతడు తల గోకికొని సర్వరువైపు చూచెను. సర్వరు కంప్యూటరు మీట లెన్నియో నొక్కి వెదకి నిస్సహాయముగా తలయెత్తెను.

"దీనికి కంప్యూటర్లో కోడు లేదండి. కావాలంటే ఇంకో పన్నీరని కొట్టేత్తానండి. ఆయ్."

కొట్టుమంటిని. ఐదు శాతము జీఎస్టీతో.