బుల్లితెర తల్లికి ప్యాకెట్ల దండ

తల్లీ, దండాలు. పాచిపెంట మెయిన్ రోడ్డు మీద ఒక కిరాణా కొట్టు ముందు నిలబడి ఈ నాలుగు ముక్కలూ విన్నవించుకుంటున్నాను. కొట్టు గుమ్మానికి అడ్డంగా నీ ప్యాకెట్లు దండలు దండలుగా వేలాడుతున్నాయి. షాంపూవి ఒక వరస, మొహం తెల్లబరిచేవి ఒక వరస. ఊళ్లో ఏ అమ్మవారి గుడికీ ఇన్ని తోరణాలు లేవు. కొట్టతను కత్తెరతో ఒక్కొక్కటే తుంచి ఇస్తుంటే ప్రతి దాని మీదా నీ నవ్వు మొహమే. పాలమీగడ రంగు. మచ్చ మాట దేవుడెరుగు, నూగు కూడా లేదు.

నిన్ను తక్కువ అంచనా వేశాం. సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే, ఆ మలుపుల నుంచి లోపలికి చీలే కాలిబాటల చివర ఊళ్లున్నాయి. నొప్పులొచ్చిన ఆడమనిషిని అక్కడి నుంచి ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తారు. అంబులెన్సు ఎక్కలేని కొండ నువ్వు ఎక్కావు. రోడ్డుకూ డాక్టరుకూ దొరకని దారి, రేకుల కప్పు మీద ఒక డిష్ పెట్టేసరికి నీకు దొరికింది. ఆ కప్పు కిందే మలేరియా ఉంది, రక్తహీనత ఉంది. నువ్వు వాటి జోలికి పోలేదు. పెద్దమనిషి తరహా నీది. మరొకరి శాఖలో వేలు పెట్టవు. ఎవరికీ కనబడని జబ్బొకటి నీ కంటికి ఆనింది. ఈ పిల్లలు నల్లగా ఉన్నారు!

నలుపంటే చిన్నచూపు నువ్వే పుట్టించావంటే కళ్లు పోతాయి. అది మా సొంత పంట. ‘నలుపు నారాయణ మెచ్చు’ అని సామెత కట్టుకున్నామంటే ఓదార్చాల్సిన అవసరం ముందే వచ్చిందన్నమాట. పెళ్లిచూపులకు వెళ్లొచ్చి ‘పిల్ల ఎర్రగా బుర్రగా ఉంది’ అని చంకలు గుద్దుకున్నది మేమే. కాకపోతే మా లెక్కలో కొంత వెసులుబాటు ఉండేది. చామనచాయ అనే మాట ఉండేది. ‘నలుపే గానీ మొహంలో కళ ఉంది’ అని ఏ మేనత్తో అడ్డుపడేది. ఆ కళ ఏమిటో కొలవడానికి ఎవరి దగ్గరా బద్ద లేదు గనక పిల్ల బతికిపోయేది. నువ్వు బద్ద తెచ్చావు. ఒకే అమ్మాయి మొహాన్ని వరసగా పేర్చి, ఎడమ నుంచి కుడికి మెట్టు మెట్టుకూ తెల్లబరిచి చూపించావు. ఎక్కడున్నావో చూసుకో, ఎక్కడికి చేరాలో చూసుకో. మా చిన్నచూపుకు ధర కట్టి, చీటీ అంటించి, కొట్టుకు వేలాడదీసిన ఘనత మాత్రం నీదే.

నీ చరిత్ర నేను చదువుకున్నాను తల్లీ, భక్తి లేక కాదు. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో అమ్మకానికి వచ్చింది 1975లో. ఆడపిల్లలకు నువ్వు చూపిన దారులు ఎవరూ చూపలేదు. కొడుకు లేడే అని తండ్రి దిగులుపడుతుంటే, కూతురు నాలుగు రోజులు క్రీము రాసుకుని ఎయిర్ హోస్టెస్ అయిపోతుంది. ఇంత సులువైన ఉపాధి పథకాన్ని 2003లో ఐద్వా మహిళా సంఘం వాళ్లు పోరాడి తెరమీద నుంచి దింపించారు. ఏం కడుపుమంటో! డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి కోచింగుల్లో కూచునే మా పిల్లలకు ఆ ప్రకటన ఎంత ధైర్యం చెప్పేదో వాళ్లకేం తెలుసు. నీ సమదృష్టి మరీ గొప్పది. ఆడవాళ్లనే నల్లగా ఉన్నారనడం అన్యాయమని 2005లో మగవాళ్లకూ ఒక క్రీము పుట్టింది. స్త్రీ పురుష సమానత్వం మన దేశంలో ఇంత త్వరగా ఇంకెక్కడ వచ్చింది?

నీ పశ్చాత్తాపం కూడా చూడముచ్చటైనదే. నల్లమొహాన్ని తక్కువ చేసి చూపకూడదని 2014లో ప్రకటనల నియంత్రణ మండలి నియమాలు పెడితే, అప్పటినుంచి నల్లపిల్లను ఏడిపించడం మానేసి తెల్లపిల్లను నవ్వించడం మొదలుపెట్టావు. అమెరికాలో 2020 మే నెలలో ఒక నల్లజాతి మనిషి మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపాడు. లోకం వీధుల్లోకి వచ్చింది. ఆ జులైకల్లా ఇక్కడ ట్యూబు మీద ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చింది. మనసు కరగడమంటే అదీ. ఒక్క మాట తీసేశావు, మందు అదే ఉంచావు. అదే ఏడాది ఫిబ్రవరిలో, తెల్లబరుస్తామని ప్రకటన వేసి మళ్లీ దొరికితే అయిదేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని కేంద్రం ముసాయిదా ఒకటి తెచ్చింది. నువ్వేం బెదిరిపోకు. ముసాయిదాలకు మా కొండల్లో చాలా పరిచయం. పట్టాల ముసాయిదాలు, రోడ్ల ముసాయిదాలు, అన్నీ చూశాం.

కొట్టు దగ్గర ఇప్పటికీ ఎవరూ నీ కొత్త పేరు అడగరు. నేను నిలబడి ఉండగానే ఒక పిల్ల వచ్చింది. ఇంటర్ చదువుతుందేమో, రెండు జడలు, హాస్టలు చున్నీ.

“బాబాయ్, తెల్లబడే క్రీమియ్యి.”

“పెద్దదా, పది రూపాయల్దా?”

“పదిదే.”

“రేత్రి రాసుకోవాలమ్మీ. పగలు రాస్తే ఎండకి తిరగేసి నల్లబడిపోతావు.”

చూశావా, నీ శాస్త్రం కొట్టతనికి కూడా కంఠతా వచ్చేసింది. ఆ పిల్ల పర్సులోంచి తీసిన పది ఎక్కడిదో ఊహించగలను. హాస్టలు పిల్లలకు సబ్బు, కొబ్బరినూనె కోసం సర్కారు ఇచ్చే డబ్బుకు ఫైళ్లలో పేరు ‘కాస్మొటిక్ ఛార్జీలు’. తలకు నూనె పెట్టుకోవడాన్ని కాస్మొటిక్కుగా గుర్తించిన ఆ గుమస్తా ఎవరో నీ పరమభక్తుడై ఉండాలి.

నీ కృప ఎక్కువైతే ఏమవుతుందో కూడా చూశాను. మాకు తెలిసినవాళ్ల అమ్మాయి, కొండదొర తెగ పిల్ల, పట్నంలో నర్సింగు చదవడానికి వెళ్లింది. గదిలో ఉన్న పిల్లలు ఏదో ఆయింట్‌మెంటు చెప్పారు. దద్దుర్లకూ దురదకూ డాక్టర్లు వారం పది రోజులు రాసే స్టెరాయిడ్ మందు అది. పది రోజుల్లో మొహం నిజంగానే తేటపడింది. ఫోటో చూసి ఇంట్లో పండగ. నాలుగు నెలలకు చర్మం ఉల్లిపొర అయింది. బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు, గడ్డం మీద మొటిమలు, పైపెదవి మీద మీసంలా నూగు. రాయడం మానితే మంట, రాస్తే చల్లన. నీళ్లు తగిలినా ఏడుపే. ఇలాంటి క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం చెప్పింది. మందుల కొట్లలో చీటీ అడగడం అమర్యాద అనుకుంటారు మరి. ఆ పిల్ల సెలవులకు ఊరొచ్చి, నెత్తిన చున్నీ కప్పుకుని గుమ్మంలోంచి కదలకపోతే వాళ్ల మామ్మ తెల్లబోయింది.

“ఇదేటే గుంటా! ఎండకి పుట్టినోలం, ఎండలో కొండెక్కినోలం. ఎండ తగిల్తే ఏడుత్తావేటి?”

ఎండకు కాచుకోవడానికి దేవుడు తోలులో పెట్టిన సరుకే ఆ నలుపని ముసల్దానికి ఏ డాక్టరూ చెప్పలేదు. స్టెరాయిడ్‌ను మించిన మందు కూడా ఉంది నీ పొదిలో. పాదరసం. రంగు తయారయ్యే పనిని అది చర్మంలోనే ఆపేస్తుంది, అక్కడితో ఆగక మూత్రపిండాల దాకా వెళ్లి వాటినీ పలకరిస్తుంది. కేరళలో మలప్పురం జిల్లా డాక్టర్లు 2023లో ఆ వరస పట్టుకున్నారు. అందం లోపలి నుంచి రావాలంటారు కదా, పాదరసం లోపలి దాకా వెళుతుంది.

మొహం సంగతి అయింది, జుట్టు దగ్గరికి వస్తాను. ఇక్కడ నీ వ్యాపార న్యాయం చూస్తే మాత్రం కళ్లు చెమరుస్తాయి. సంతకు కొండమీది ఆడవాళ్లు చింతపండుతో, కొండచీపుర్లతో పాటు కుంకుడుకాయలు, శీకాయ మోసుకుని దిగుతారు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోలో తూకం వేయించి, లేదా షావుకారి చెయ్యి చూసుకుని, డబ్బులు కొంగున ముడేసుకుంటారు. 1956లో ఆ సంస్థ పెట్టిందే షావుకార్ల తూకం నుంచి వాళ్లను కాపాడడానికి. ఆ కొంగు ముడి విప్పేది మళ్లీ నీ దండ కిందే. బుట్టెడు కుంకుళ్లు దింపి షాంపూ ప్యాకెట్లు పట్టుకెళ్తారు. ఆ కుంకుళ్లు పట్నం చేరి, పొడై, అందమైన సీసాలో పడి, ‘ప్రకృతి సిద్ధం’ అని పేరు పెట్టుకుని వేరే ధరకు వేరే ఆడవాళ్ల తల మీద నురగ కడతాయి. ఇందులో ఎవరికీ నష్టం లేదు, కుంకుడు చెట్టుకు తప్ప. దానికి తలంటుకునే అలవాటు లేదు గనక ఫరవాలేదు.

వలిసె నూనె రాసి, పక్కకు వాల్చి కొప్పు చుట్టి, అందులో పువ్వో ఈకో గుచ్చుకుని థింసా నాట్యానికి నిలబడే ఆడవాళ్లను నువ్వు చూశావుగా? చూడకేం. అరకులో నీ పాట తీసినప్పుడల్లా వాళ్లుంటారు. వెనక వరసలో. ముందు వలిసె పూల పసుపు, వెనక నల్లటి వరస, నడుమ ముంబయి విమానం దిగొచ్చిన పిల్ల గాలికి జుట్టు ఎగరేస్తూ. ఆ ఎగిరే జుట్టు చూసి మా పిల్లలు కొప్పు విప్పేశారు. రింగులు తిరిగిన జుట్టున్నవాళ్లు ఇస్త్రీ చేయించుకోవడానికి విజయనగరం వెళుతున్నారు. (జుట్టుకు ఇస్త్రీ అన్నాను, వాళ్లు స్ట్రెయిటెనింగ్ అంటారు. చీరకు చేసినట్టే వేడి పలకల మధ్య పెట్టి లాగుతారు. చీరకైతే మాడితే తెలుస్తుంది.)

ఈ విషయంలో నీ ఏలుబడి మా కొండలతో ఆగలేదు. అమెరికాలో నల్లజాతి ఆడపిల్లలను నూరేళ్లకు పైగా ఇదే మాట మీద నిలబెట్టావు. దువ్వెనను కాల్చి చుట్టల జుట్టును సాపు చేసుకుంటే గానీ బడిలో, ఉద్యోగంలో మర్యాద ఉండేది కాదు. కూతురు ‘నాది మంచి జుట్టు ఎందుకు కాదు నాన్నా’ అని అడిగితే క్రిస్ రాక్ అనే హాస్యనటుడు 2009లో ఒక డాక్యుమెంటరీయే తీశాడు. ఆ ‘మంచి జుట్టు’ ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంటూ అతను ఎక్కడ తేలాడంటావు? మన దేశంలో, గుండు గీయించుకునే భక్తుల మధ్య. మనం కొండ మీద వెంకన్నకు ఇచ్చిన తలనీలాలు పొడుగును బట్టి వేరై, వేలానికెక్కి, సముద్రాలు దాటి విగ్గులవుతాయి. పట్టణాల్లో మోటారు సైకిలు మీద మైకు పెట్టుకుని “జుట్టుకి స్టీలు సామాన్లమ్మా” అని అరుస్తూ వచ్చేవాడు కొనే చిక్కు ఉండలు కూడా ఆ బాటనే పోతాయి. అక్కడి నల్లపిల్లకు తన జుట్టు బాగోదన్నావు, ఇక్కడి నల్లపిల్ల జుట్టు అతికించావు. ఇక్కడి నల్లపిల్లకేమో తన జుట్టు ఇంకా సాపుగా ఉండాలన్నావు. ఎవరి జుట్టూ ఎవరికీ చాలకుండా చేయగలిగినదానివి, నిన్ను మించిన పంపకందారు లేదు. కాలిఫోర్నియావాళ్లు మాత్రం 2019లో, పుట్టుజుట్టుతో బడికీ పనికీ వచ్చినవాళ్లను వెనక్కి పంపకూడదని చట్టం చేసుకున్నారు. దాని పేరు క్రౌన్, అంటే కిరీటం. జుట్టుకు చట్టం కావలసి వచ్చిందంటే నీ బలం అర్థమవుతుంది.

ఇక వెండితెర అక్కగారి మాట. నలుపంటే ఆవిడకు గిట్టదని లోకం ఆడిపోసుకుంటుంది గానీ అది అపనింద. కథకు కావలసినప్పుడు ఆవిడ నలుపును స్వయంగా తయారుచేయిస్తుంది. 2018లో ‘రంగస్థలం’ కథానాయికకు, 2021లో ‘పుష్ప’ కథానాయికకు రంగు పూసి పల్లె ఎండ తెచ్చారు. పుట్టుకతో నల్లగా ఉన్నవాళ్లను పెట్టుకుంటే ఆ మేకప్ మనిషి కుటుంబం ఏం కావాలి? పైగా సాయంత్రానికి కడిగేసుకోగల నలుపే నిజమైన కళ, మాది కడిగితే పోదాయె. నలుపు మీద జాలిపడి 2020లో ‘కలర్ ఫోటో’ తీశారు, జాతీయ అవార్డూ వచ్చింది. అందులో నల్లవాడు అబ్బాయి. అమ్మాయి తెల్లగానే ఉంది. నల్లవాడి ప్రేమ కథవుతుంది, నల్లదాని ప్రేమకు నిర్మాత దొరకాలి కదా.

తెలుగు మూలాలున్న నీనా దావులూరి 2013లో అక్కడ మిస్ అమెరికా అయితే, ఈ రంగుతో ఇక్కడ మిస్ ఇండియా అయ్యేదా అని మనవాళ్లే గుసగుసలాడారు. నీ పాఠం అంత బాగా వంటబట్టింది. నీలగిరుల్లో బడగ కుటుంబంలో పుట్టిన సాయిపల్లవి తెల్లబడే క్రీము ప్రకటనకు 2 కోట్లు ఇస్తామంటే వద్దందట. ఇలాంటి ధిక్కారం కొండమనుషుల్లోనే ఉంటుంది, జాగ్రత్త.

మొన్న ఆ కొండదొరల ఇంటికి వెళ్లాను. పిల్ల మొహం కొంచెం సర్దుకుంది. నీడపట్టున కూచుని పుస్తకం చదువుకుంటోంది. మామ్మ కనబడకపోతే చేనుకెళ్లిందన్నారు. ఎక్కాను. కొర్ర వెన్ను తీసింది, పిట్టల కాలం. చేనుకు నాలుగు వైపులా కర్రలు పాతి, దారం లాగి, ఆ దారానికి ఖాళీ షాంపూ ప్యాకెట్లూ క్రీము ప్యాకెట్లూ వరసగా కట్టింది ముసల్ది. గాలికి వెండి వైపు ఒకసారి, నీ నవ్వు వైపు ఒకసారి తిరుగుతూ తళతళలాడుతున్నాయి.

“చిలకలు వస్తన్నాయా?” అనడిగాను.

“ఈ మొకాల్ని సూసి ఒక్కటీ వాల్లేదు బాబూ,” అంది.