కోట కింద పెట్టె: టీకా తాత్పర్య సహితం

మూలంలో లేని మాట ఒక్కటీ రాయనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన ఆ పండితుణ్ణి మెదక్ దగ్గరి కొల్చారం ఇప్పటికీ తనవాడంటుంది. సైనికుల దోపిడీ కథలు అల్లేవాళ్లకు అలాంటి ఒట్లేమీ ఉండవు. బంగారం దొరకాలి, ముఠాలో ఒకడు ద్రోహం చెయ్యాలి, చచ్చాడనుకున్నవాడు లేచొచ్చి పగ తీర్చుకోవాలి. నిజంగా జరిగిన ఒక సైనిక దోపిడీ ఈ లక్షణాలకు ఎంతవరకు సరిపోతుందో తేల్చడానికే ఈ ఆటవెలది, దానికీ వ్యాఖ్య.

మూలం

కోట కింద నిధిని కొల్లగొట్టిరి ముగ్గు
రాఫిసరులు పసిడి రాళ్లు పెరికి;
పెండ్లి పిలుపు రాగ పెట్టె శూన్యంబాయె;
పగయు లేదు కాని పట్టుపడిరి.

అవతారిక

1945లో జర్మనీ ఓడిపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు దగ్గర్లో, క్రోన్‌బర్గ్ ఊళ్లో ఉన్న ఫ్రీడ్రిక్స్‌హోఫ్ కోటను అమెరికా సైన్యం స్వాధీనం చేసుకుని ఆఫీసర్ల క్లబ్బు పెట్టింది. విక్టోరియా రాణి పెద్దకూతురు కట్టించుకున్న ఇల్లది. ఆమె కూతురు మార్గరెట్, అంటే కైజర్ రెండో విల్‌హెల్మ్ చెల్లెలు, ముసలితనంలో తన కోట వదిలి అదే తోటలోని చిన్న ఇంట్లో తలదాచుకుంది. యుద్ధం మీదికొస్తున్నప్పుడే ఆమె మెట్టిన హెస్సె రాజకుటుంబం తన నగలన్నీ నేలమాళిగలో పాతిపెట్టింది.

ప్రతిపదార్థం

కోట కింద = నేలమాళిగ అడుగున. అక్కడ కొత్తగా పోసిన కాంక్రీటు అతుకు ఎవరి కంటో పడింది. పగలగొడితే లోపల రేకు తాపడం చేసిన పెట్టె, పెట్టె నిండా గోధుమరంగు కాగితాల పొట్లాలు.

నిధిని = వజ్రాలు, పచ్చలు, ముత్యాలు పొదిగిన వంశపారంపర్య ఆభరణాలను. వీటి విలువ 15 లక్షల డాలర్లకు తక్కువ కాదని అప్పటి పత్రికలు రాశాయి. విక్టోరియా రాణి కూతురికి రాసిన ఉత్తరాల సంపుటాలను కూడా దోచినవాళ్లు వదల్లేదు గనుక, ‘నిధి’లో వాటినీ కలుపుకోవాలి.

ముగ్గురాఫిసరులు = క్లబ్బు నిర్వహణ చూసే కెప్టెన్ కాథ్లీన్ నాష్, కల్నల్ జాక్ డ్యూరాంట్, మేజర్ డేవిడ్ వాట్సన్. ‘ఫీ’కి దీర్ఘం పోయింది గణం కోసమే. హోదా తగ్గించే ఉద్దేశం కవికి లేదు, ఆ పని తరవాత సైనిక కోర్టు చేసింది.

పసిడి రాళ్లు పెరికి = బంగారు నగల్లోంచి రాళ్లు ఊడదీసి. కిరీటాన్ని చూపిస్తే అది ఎవరిదో చెప్పేస్తారు. ఊడదీసిన వజ్రానికి ఇంటిపేరుండదు. కొన్ని రాళ్లు స్విట్జర్లాండ్‌లో అమ్ముడుపోయాయి. కొంత సొత్తు పార్సిళ్లలో సముద్రం దాటి విస్కాన్సిన్‌లోని నాష్ సోదరి ఇంటికి చేరింది.

పెండ్లి పిలుపు రాగ = మార్గరెట్ కోడలు సోఫీ పునర్వివాహం నిశ్చయం కాగా. ఈమె గ్రీసు రాకుమారి, తరవాతి రోజుల్లో ఎలిజబెత్ రాణిని పెళ్లాడిన ఫిలిప్‌కు సొంత అక్క. ముహూర్తం 1946 ఏప్రిల్ 23. పెళ్లికి పెట్టుకోవడానికి నగలు కావాలని ఇంటివాళ్లు అడిగారు.

పెట్టె శూన్యంబాయె = ఖాళీ. ఇంతకన్నా వివరించడానికి పెట్టెలో ఏమీ లేదు.

విశేషం

‘పెండ్లి’లో శ్లేష ఉంది. నాష్, డ్యూరాంట్ కూడా మే నెలాఖరులో పెళ్లి చేసుకున్నారు. వారం తిరక్కుండా, జూన్ మొదట్లో, షికాగోలోని లసాల్ హోటల్లో ఈ కొత్త దంపతులను సైన్యం అరెస్టు చేసింది. ఒక పెళ్లి వల్ల దొంగతనం బయటపడితే, ఇంకో పెళ్లి దొంగలిద్దరినీ ఒకే గదిలో దొరికేలా చేసింది.

పూర్వపక్షం

‘పద్యంలో దోపిడీ సరే, ద్రోహం ఏది?’ అని ఆక్షేపిస్తే, ‘ఆఫిసరులు’ అన్న మాటలోనే ఉందని సమాధానం. తాళం చెవులు ఎవరి చేతిలో పెట్టారో వాళ్లే పెట్టె తీశారు. కంచే చేను మేసింది. ముఠాలో ఒకడు మిగిలినవాళ్లను వంచించడం సినిమా ద్రోహం. ఇక్కడ ముగ్గురూ కలిసే తమ యూనిఫారాన్ని వంచించారు.

‘మరి పగ?’ మన భారతంలో ఇలాంటి కథకు పగ తప్పదు. కౌరవసేన విరాటుడి ఆవుల్ని తోలుకుపోవడం సైనిక దోపిడీయే. దానికి అర్జునుడు గాండీవం తీశాడు. హాలీవుడ్ మాత్రం ఒక్కోసారి దొంగ పక్షమే వహిస్తుంది. 1970లో వచ్చిన ‘కెల్లీస్ హీరోస్’లో క్లింట్ ఈస్ట్‌వుడ్ బృందం శత్రుభూమిలోని బ్యాంకు బంగారం కోసం వెళ్లి, అడ్డొచ్చిన జర్మన్ ట్యాంకు వాళ్లకే వాటా ఇచ్చి పని కానిస్తుంది. క్రోన్‌బర్గ్‌లో గాండీవమూ లేదు, ట్యాంకూ లేదు. ఇల్లు పోగొట్టుకున్న కుటుంబం, ఓడిన దేశం తాలూకు కుటుంబం, గెలిచిన సైన్యం దగ్గరికే వెళ్లి ఫిర్యాదు చేసింది. ఆ సైన్యం దాన్ని బుట్టదాఖలు చెయ్యకుండా తన ఆఫీసర్ల మీదే దర్యాప్తు చేయించింది. ‘పగయు లేదు కాని’ అనడంలో కవి హృదయం ఇదే. థ్రిల్లర్ రాసేవాడికి ఇది చప్పగా ఉండవచ్చు గాని, దొంగల్ని పట్టించింది ఇదే.

తాత్పర్యం

కోటను కాపలా కాయాల్సిన ముగ్గురు అధికారులు నగలు దోచి, రాళ్లు ఊడదీసి అమ్ముకోగా, పెళ్లివారు అడిగేసరికి గుట్టు రట్టయి చిక్కారని భావం.

ఫలశ్రుతి

డ్యూరాంట్‌కు 15 ఏళ్లు, నాష్‌కు 5, వాట్సన్‌కు 3 ఏళ్లు శిక్ష పడింది. సర్వీసు చివరి సెలవులో ఉన్నవాళ్ల మీద సైనిక కోర్టుకు అధికారమే లేదన్న నాష్ వాదన ఫెడరల్ అప్పీలు కోర్టుదాకా వెళ్లింది. 1948లో ఆ వాదన వీగిపోయింది. దొరికిన నగలను 1951లో హెస్సె కుటుంబానికి అప్పగించారు. దొరకని రాళ్లు చాలానే ఉన్నాయి. ఫ్రీడ్రిక్స్‌హోఫ్ 1954 నుంచి హోటల్‌గా నడుస్తోంది. డబ్బు కడితే ఎవరికైనా గది ఇస్తారు.